అపార్ట్‌మెంట్‌లో అందరి ఫోన్ నంబరూ 2147483647. ఏంటీ నంబరు కథ?

ఫ్లాట్_302
ఈ నెల నుంచి మా అసోసియేషన్ సెక్రటరీ పని నా నెత్తిన పడింది. పాత కమిటీవాళ్లు ఎవరో కుర్రాడితో చేయించిన చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటుంది, ఫ్లాట్ నంబరు కొడితే ఓనరు పేరు, ఫోను, మెయింటెనెన్స్ బాకీ వస్తాయి. నిన్న నీళ్ల ట్యాంకర్ గురించి అందరికీ మెసేజ్ పెడదామని లిస్టు తీస్తే 64 ఫ్లాట్లలో 61 ఫ్లాట్లకి ఒకటే ఫోను: 2147483647. నాదీ అదే! నా అసలు నంబరు 9తో మొదలవుతుంది. మిగిలిన మూడూ ల్యాండ్‌లైన్లు, అవి మాత్రం సరిగ్గానే ఉన్నాయి.

ఒకాయన వైరస్ అంటాడు, ఇంకొకాయన హ్యాకింగ్ అంటాడు. 504లో పెద్దాయనైతే "అందరం ఒకే కుటుంబం అని మీటింగులో మీరేగా అన్నారు" అని నవ్వుతున్నారు. వెతికితే ఇదేదో ప్రత్యేకమైన నంబరు అని వస్తోంది. ఏమిటా ప్రత్యేకత? పోయిన నంబర్లు తిరిగి వస్తాయా? నాకు డిగ్రీతోనే లెక్కలతో సంబంధం తెగిపోయింది, కాస్త మామూలు భాషలో చెప్పండి.

బగ్_వేటగాడు
వైరస్సూ కాదు, హ్యాకింగూ కాదు. ఆ కుర్రాడు ఫోన్ నంబరుని "సంఖ్య" అని పెట్టాడు, అదీ 32 బిట్ల సంఖ్య (బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే ఒక చోటు). అందులో ఒక బిట్ ప్లస్సా మైనస్సా చెప్పడానికి పోతుంది, మిగిలినవి 31. ఆ 31 చోట్లా 1 పెడితే వచ్చే అతి పెద్ద సంఖ్య 2³¹−1, అంటే 2147483647. మన మొబైల్ నంబర్లన్నీ 6, 7, 8, 9తో మొదలవుతాయి కాబట్టి అన్నీ దీనికంటే పెద్దవే. కొన్ని డేటాబేస్‌లు, ముఖ్యంగా పాత సెట్టింగుల్లో, పట్టనిదాన్ని వద్దని చెప్పకుండా పట్టినంతకి కోసేసి దాచుకుంటాయి. అరసేరు గిన్నెలో బిందెడు నీళ్లు పోసినట్టు. ఎనిమిదంకెల ల్యాండ్‌లైన్లు అందులో పట్టాయి, బతికాయి.

పోయినవి పోయినట్టే. బ్యాకప్ ఉన్నా అందులోనూ ఇదే ఉంటుంది.

డల్లాస్_బావ
214 మా ఊరి ఏరియా కోడ్ 😀 అందుకే ఇది చూడ్డానికి అచ్చం డల్లాస్ నంబరులా ఉంటుంది, 214-748-3647. దయచేసి ఎవరూ డయల్ చేయకండి, అవతల ఎవరైనా ఉంటే ప్రపంచంలోని చెడిపోయిన లిస్టులన్నీ వాళ్ల ప్రాణానికే.

ఫ్లాట్_302
@డల్లాస్_బావ వాచ్‌మన్ నిన్న రాత్రే చేశాడండి. "ఈ నంబరు ఉపయోగంలో లేదు" అందట.

మొండి_ప్రశ్న
కాలక్షేపానికి కాలిక్యులేటర్‌లో కొట్టి చూశా. 3తో భాగిస్తే శేషం 1. 7తో 1. 9తో 1. 11తో 1. 31తో కూడా 1! వేటితో చూసినా ఒకటే మిగులుతోంది, ఇదేం మాయ?

అంకెల_జాతకం
మాయ కాదు, అంకెలు కూడండి. 2+1+4+7+4+8+3+6+4+7 = 46. 4+6 = 10. 1+0 = 1. ఒకటి సూర్యుడి సంఖ్య, నాయకత్వం. అపార్ట్‌మెంట్‌కి మంచిదే.

కోడ్_కూలీ
నాయకత్వం సరే, 61 ఫ్లాట్లకీ నాయకత్వమే వస్తే మీటింగు ఎలా జరుగుతుంది 😂

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
అంకెల జాతకం వారు చేసిన కూడిక తప్పు కాదు, అది 9తో భాగిస్తే వచ్చే శేషం. ఏడో తరగతిలో చెప్పేదే. సూర్యుడికీ దానికీ చుట్టరికం లేదు.

మొండి ప్రశ్నకి జవాబు: 13తో చూడు, 10 మిగులుతుంది. కాబట్టి అన్నిటితో ఒకటి కాదు. నువ్వు చూసినవాటితో ఒకటి రావడానికి కారణం పక్కింట్లో ఉంది. ఒకటి తీసేస్తే 2147483646. దాన్ని విడగొడితే 2×3×3×7×11×31×151×331. చిన్న చిన్న కారణాంకాల గుట్ట. వాటిలో దేనితో భాగించినా 2147483646 పూర్తిగా పోతుంది, మిగిలిన ఆ ఒక్కటే నీకు శేషంగా కనిపిస్తోంది. 2147483647 మాత్రం ప్రధాన సంఖ్య. ఒకటితో, తనతో తప్ప దేనితోనూ పోదు.

మొండి_ప్రశ్న
ప్రధానం అని ఎలా తెలిసింది మాస్టారూ? 214 కోట్ల దాకా ఒక్కొక్కటీ భాగించి చూస్తారా?

కోడ్_కూలీ
వర్గమూలం దాకా చాలు బ్రో, 46340. రెండు కారణాంకాలుంటే అందులో ఒకటి దానికి లోపే ఉండాలి. నా ల్యాప్‌టాప్‌లో ఎంటర్ నొక్కి వేలు తీసేలోపు అయిపోయింది.

ఇంకో మాట, ఇది ప్రధాన సంఖ్య అవడానికీ కంప్యూటర్ హద్దు అవడానికీ సంబంధం ఏం లేదు, కేవలం కాకతాళీయం. ఎందుకు చెప్తున్నానంటే మా ఆఫీసులో ఒకడు "ప్రైమ్ కాబట్టే లిమిట్‌గా పెట్టారు" అని జూనియర్లకి పాఠం చెప్తుంటే విన్నా.

సున్నా_ఒకటి
కాకతాళీయం ఎలా అవుతుంది? 2ని ఎన్నిసార్లు హెచ్చించి ఒకటి తీసేసినా ప్రైమే వస్తుంది కదా. 3, 7, 31, 127.

కోడ్_కూలీ
@సున్నా_ఒకటి 15ని మెల్లిగా దాటేశావ్, చూశా. 2⁴−1 = 15 = 3×5. 63ని కూడా దాటేశావ్.

సున్నా_ఒకటి
సరే, ఘాతం కూడా ప్రైమ్ అయితేనే అనుకుందాం. 2, 3, 5, 7 ఘాతాలకి 3, 7, 31, 127. అన్నీ ప్రైమ్‌లే.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
తర్వాతది 11. 2¹¹−1 = 2047 = 23×89. అక్కడే చాలామంది పడ్డారు, నువ్వు మొదటివాడివి కాదు. 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి ఒక జాబితా రాశాడు, 257 దాకా ఏ ఘాతాలకి ప్రధాన సంఖ్య వస్తుందో. 31 అందులో ఉంది, అది నిజమే. కానీ 67, 257 తప్పు పెట్టాడు, 61, 89, 107 వదిలేశాడు. ఆయన పేరుమీదే వీటిని మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అంటాం. మన 2147483647 వాటిలో ఎనిమిదోది.

కోడ్_కూలీ
నా మాటకి బలం: కంప్యూటర్లలో మామూలుగా వాడే సైజులు 8, 16, 32, 64 బిట్లు. గుర్తు బిట్ పోను హద్దులు 2⁷−1, 2¹⁵−1, 2³¹−1, 2⁶³−1. 127 ప్రైమ్. 32767 = 7×31×151, కాదు. 2147483647 ప్రైమ్. 63 మూడు ఎక్కంలో పోతుంది కాబట్టి చివరిది 7తో పోతుంది, కాదు. నాలుగింట రెండు. బొమ్మా బొరుసా అంతే.

బగ్_వేటగాడు
గుర్తు బిట్ వాడకుండా 32 బిట్లూ తీసుకుంటే 4294967295. అది ప్రైమ్ కాదు కానీ విడగొడితే అందంగా ఉంటుంది: 3×5×17×257×65537. ప్రతిదీ 2 ఘాతాల్లో ఒకదానికి ఒకటి కలిపితే వచ్చేదే. నాకు మాత్రం 2147483647 కంటే ఇదే ఇష్టం.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
@బగ్_వేటగాడు నాకూ. ఆ అయిదూ ఫెర్మా అనే ఫ్రెంచి గణితవేత్త పేరుమీద ఫెర్మా ప్రధాన సంఖ్యలు, ఇప్పటిదాకా మనిషికి తెలిసినవి ఆ అయిదే. వాటన్నిటి లబ్ధం కాబట్టి వృత్తలేఖిని, గీతల్లేని స్కేలుతో గీయగలం అని తెలిసిన బేసి భుజాల బహుభుజుల్లో అతి పెద్దది 4294967295 భుజాలది. గీయడానికి పెన్సిలు చాలదనుకో.

తర్వాతదీ, అంటే 4294967297 కూడా, ప్రధానమే అని ఫెర్మా నమ్మాడు. 1732లో పాతికేళ్ల గణితవేత్త ఆయిలర్ దాన్ని 641×6700417 అని విడగొట్టాడు. మన సంఖ్య ప్రధానమని నిరూపించిందీ ఆ ఆయిలరే, 1772లో. మధ్యలో నలభై ఏళ్లు. అప్పటికి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు, చూపు దాదాపు పూర్తిగా పోయింది.

మొండి_ప్రశ్న
ఆగండాగండి. చూపు లేకుండా, కంప్యూటర్ లేకుండా 46340 దాకా ఉన్న ప్రైమ్‌లన్నిటితో భాగించాడా? అవే దాదాపు 4,800 ఉంటాయి కదా. రోజుకి పది చేసినా ఏడాది దాటుతుంది.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
అందులోనే ఉంది తెలివంతా. కాస్త పొడుగవుతుంది, ఓపికుంటే చదవండి.

2, 4, 8, 16... ఇలా రాసుకుంటూ ప్రతిదాన్నీ 7తో భాగించి శేషాలు చూడండి: 2, 4, 1, 2, 4, 1. మూడేసికి ఒకసారి 1 వస్తుంది. ఏ బేసి ప్రధాన సంఖ్యతో భాగించినా ఇలాగే చక్రం తిరుగుతుంది, ఆ చక్రం పొడుగు మాత్రం మారుతుంది. ఇప్పుడు "ప" అనే ప్రధాన సంఖ్యతో 2³¹−1 పోతుందనుకుందాం. అంటే 2³¹ని ప తో భాగిస్తే 1 మిగులుతుంది, 31వ చోట 1 పడింది. చక్రం పొడుగు 31ని సరిగ్గా భాగించాలి. 31 ప్రధానం కాబట్టి పొడుగు 1 కావాలి లేదా 31 కావాలి. 1 కాలేదు, మొదటి శేషమే 2 కదా. కాబట్టి 31.

ఇటు ఫెర్మా చెప్పిందేమంటే ప−1వ చోట ఎలాగూ 1 పడి తీరుతుంది. అంటే ప−1 అనేది 31 ఎక్కంలో ఉండాలి. ప బేసి సంఖ్య కాబట్టి ప−1 సరి సంఖ్య కూడా. కలిపితే 62 ఎక్కం. అంటే 2147483647ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే అది 62 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలి, వేరే దారి లేదు. ఇందాకటి 2047 చూడండి, ఘాతం 11, కాబట్టి 22 ఎక్కం. 23 = 22+1, 89 = 88+1. కుదిరిందా?

ఇంకో జల్లెడ ఉంది. 2³² అంటే 2¹⁶ వర్గం. 2³¹కి శేషం 1 అయితే 2³²కి శేషం 2. అంటే ఏదో ఒక వర్గానికి శేషం 2 వస్తోంది. అలా రావాలంటే ఆ ప ని 8తో భాగించినప్పుడు 1 గానీ 7 గానీ మిగలాలి. ఇది పట్టాక మిగిలినవి రెండే వరసలు: 248 గుణిజానికి 1 కలిపినవి, 248 గుణిజానికి 63 కలిపినవి. 46340 లోపు ఈ రెండూ కలిపి 373 సంఖ్యలు. వాటిలోనూ ప్రధానం కానివి తీసేస్తే ఇంకా బాగా తగ్గుతాయి. 4,800 ఎక్కడ, ఇదెక్కడ!

మొండి_ప్రశ్న
మొదటి సగం అర్థమైంది, రెండో జల్లెడ రేపు మళ్లీ చదువుతా. చక్రం పొడుగు మాత్రం కాగితం మీద 31తో చేసి చూశా: 2, 4, 8, 16, 1. ఐదేసికి ఒకసారి. 30వ చోట కూడా 1 పడింది. ఇందాక 31తో శేషం 1 ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది: 2³⁰కి శేషం 1, రెట్టిస్తే 2, ఒకటి తీస్తే 1.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
శభాష్. సర్వీసులో ఉన్నప్పుడు నీలాంటివాడు ఏడాదికొకడు దొరికితే గొప్ప.

వేరుశనగ_ఉప్మా
నేను ఊరికే చదివి పోదామనుకున్నా, మాస్టారి పోస్టు చూసి నిజంగా కాగితం తీశా. 248 వరసల్లో మొదటిది 63, ప్రైమ్ కాదు. 249 మూడుతో పోతుంది. 311 ప్రైమ్! భాగించా. నాలుగు నిమిషాలు పట్టింది, భాగఫలం 6905092, శేషం 35. తర్వాత 497, 559, 745, 807, 993, 1055, 1241 ఏవీ ప్రైమ్‌లు కావు. 1303 ప్రైమ్. భాగఫలం 1648107, శేషం 226. రెండిటికే బుర్ర వేడెక్కింది, టీ పెట్టుకోడానికి లేచా. ఆయిలర్‌కి దండం.

కోడ్_కూలీ
@వేరుశనగ_ఉప్మా చెక్ చేశా, రెండూ కరెక్టే. ఇంక 46340 దాకా కానివ్వండి, మేం ఇక్కడే ఉంటాం.

సున్నా_ఒకటి
భాగించకుండానే తేల్చే పద్ధతి ఉంది, లూకాస్-లెమర్ పరీక్ష అంటారు. 4తో మొదలెట్టు, వర్గం చేసి 2 తియ్యి, మళ్లీ వర్గం చేసి 2 తియ్యి. ఘాతం కంటే రెండు తక్కువ సార్లు. చివరికి వచ్చింది మన సంఖ్యతో పోతే ప్రైమ్. 31కి (2⁵−1) మూడు సార్లు: 4, 14, 194, 37634. 37634 = 31×1214. అయిపోయింది. 2147483647కి 29 సార్లు చేయాలి, ప్రతిసారీ శేషం తీసుకుంటూ పోతే సంఖ్య పెరగదు కూడా. ఇందాక 2047 దగ్గర పడ్డాను కదా, ఇది ఆ పరువు కోసం.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
పరువు దక్కింది. మెర్సెన్ జాబితాలోని 67 తప్పని 1876లో తేల్చింది కూడా ఆ లూకాసే. కారణాంకాలు చెప్పకుండా, ప్రధానం కాదని మాత్రం చెప్పాడు. అవి 1903లో కోల్ అనే అమెరికన్ ఇచ్చాడు: 193707721×761838257287. సభలో ఒక్క మాట మాట్లాడకుండా బోర్డు మీద గుణించి చూపించి కూర్చున్నాడని చెబుతారు. మూడేళ్ల ఆదివారాలు పట్టిందట.

డల్లాస్_బావ
మా ఆవిడ అడుగుతోంది, ఇంతకీ ఇవన్నీ ఎందుకు పనికొస్తాయి అని.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
1811లో బార్లో అనే ఇంగ్లీషాయన కూడా అదే అన్నాడమ్మా. ఈ సంఖ్యని 2³⁰తో గుణిస్తే 2305843008139952128 వస్తుంది, అది పరిపూర్ణ సంఖ్య, అంటే తనను తప్ప మిగతా భాజకాలన్నీ కూడితే మళ్లీ అదే వస్తుంది, 6 = 1+2+3 లాగా. ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్య బహుశా ఎప్పటికీ దొరకదు, పనికిరాని వింతలు కాబట్టి ఎవరూ వెతకరు అని పుస్తకంలోనే రాశాడు. 2024లో దొరికిన మెర్సెన్ ప్రధాన సంఖ్యకి 4 కోట్ల 10 లక్షల పైచిలుకు అంకెలున్నాయి. పనికిరాదన్నంత మాత్రాన మనుషులు వెతకడం మానేస్తారా?

బగ్_వేటగాడు
పనికొచ్చేది ఒకటి చెప్తా. కంప్యూటర్‌లో లాటరీ తీసినట్టు అంకెలు పుట్టించే పాత పద్ధతి ఒకటుంది: చేతిలో ఉన్నదాన్ని 16807తో గుణించు, 2147483647తో భాగించి శేషం తీసుకో, అదే కొత్త అంకె. 16807 అంటే 7⁵. భాగించేది ప్రైమ్ కాబట్టి, 16807ని సరిగ్గా ఎంచుకున్నారు కాబట్టి, 1 నుంచి 2147483646 దాకా అన్నీ ఒక్కసారి వచ్చాకే మొదటికొస్తుంది. మాస్టారి చక్రమే, పూర్తి పొడుగు చక్రం. @కోడ్_కూలీ ఇక్కడ మాత్రం ప్రైమ్ అవడం కాకతాళీయం కాదు, కావాలని వాడుకున్నారు.

కోడ్_కూలీ
ఇది ఒప్పుకుంటా. హద్దుగా పెట్టడం కాకతాళీయం, అక్కడ ప్రైమ్ దొరికింది కదా అని వాడుకోవడం తెలివి.

వేరుశనగ_ఉప్మా
టీ తాగొచ్చా. చదరంగం గడుల కథ గుర్తొచ్చింది, మొదటి గడిలో ఒక గింజ, తర్వాత దాంట్లో రెండు, నాలుగు. 31 గడులు నిండేసరికి మొత్తం సరిగ్గా 2147483647 గింజలు కదా? సగం బోర్డు కూడా కాలేదు.

డల్లాస్_బావ
అవును, ఒక్కో గింజ 25 మిల్లీగ్రాములు అనుకుంటే 53 టన్నులు దాటుతుంది.

వేరుశనగ_ఉప్మా
25 మిల్లీగ్రాములు మీ అమెరికా బియ్యమేమో. ఇప్పుడే 500 సోనామసూరి గింజలు లెక్కపెట్టి వంటింటి త్రాసు మీద పెట్టా, 6 గ్రాములు. అంటే గింజ 12 మిల్లీగ్రాములు. మొత్తం 26 టన్నుల లోపే, పాతిక కిలోల బస్తాలు వెయ్యీ ముప్పై. అత్తయ్య వచ్చి "బియ్యంలో పురుగులున్నాయా" అని అడిగారు. ఉన్నాయన్నా.

కోడ్_కూలీ
మీ త్రాసు కూడా పూర్ణాంకాలే చూపిస్తుంది, అరగ్రాము అటూ ఇటూ అయితే ఎనభై బస్తాలు తేడా 🙂

మొండి_ప్రశ్న
ఈ హద్దు దాటితే ఏమవుతుంది? ఆగిపోతుందా?

బగ్_వేటగాడు
ఆగితే అదృష్టం. చాలాచోట్ల ఒకటి కలిపితే −2147483648 అవుతుంది. ప్లస్ చివర నుంచి మైనస్ చివరకి దూకుతుంది, స్కూటర్ మీటరు 99999 దాటి సున్నాకొచ్చినట్టు. 2014 డిసెంబరులో గంగ్నం స్టైల్ వ్యూస్ ఈ హద్దు దాటబోతుంటే యూట్యూబ్ వాళ్లు కౌంటర్‌ని 64 బిట్లకి మార్చారు. రాబోయేది ఇంకా ఉంది. చాలా సిస్టమ్‌లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడతాయి, 32 బిట్లలో పెట్టుకున్నవాటికి 2147483647వ సెకను 2038 జనవరి 19న, మన టైములో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి. మరుసటి సెకనుకి అవి 1901లోకి వెళ్లిపోతాయి.

అంకెల_జాతకం
2038 జనవరి 19 ఏ వారం?

కోడ్_కూలీ
మంగళవారం. ఇంక మొదలెట్టండి.

సున్నా_ఒకటి
చివరిగా ఒకటి. 5 ప్రైమ్, 2⁵−1 = 31 ప్రైమ్, 2³¹−1 ప్రైమ్. మరి 2ని 2147483647 సార్లు వేసి ఒకటి తీస్తే? (ఈసారి తొందరపడను.)

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
తొందరపడకపోవడమే మంచిదైంది. ఆ సంఖ్యకి 64 కోట్లకు పైగా అంకెలు, రాయడానికే జీవితం చాలదు. అయినా ప్రధానం కాదని తెలుసు, 295257526626031తో పోతుంది. ఇప్పుడు దీన్ని మన జల్లెడలో వేయి. ఒకటి తీసి 2147483647తో భాగించు, ఎంతొస్తుంది?

మొండి_ప్రశ్న
137490. సరిగ్గా! శేషం లేదు. సరి సంఖ్య కూడా. 31 ఉన్నచోట ఇప్పుడు 2147483647 వచ్చి కూర్చుంది, రూలు మాత్రం అదే. మాస్టారూ, రెండో జల్లెడ రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే చదువుతా.

ఫ్లాట్_302
పొద్దున ఒక ప్రశ్న అడిగి ఆఫీసుకెళ్లొచ్చేసరికి ఇంత జరిగిందా! అందరికీ చాలా థ్యాంక్స్. మా మేనల్లుడితో ఫోన్ కాలమ్‌ని సంఖ్య నుంచి అక్షరాలకి మార్పించా. పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నా, 22 ఫ్లాట్లు అయ్యాయి. 504 పెద్దాయన తన పాత నంబరు ఇవ్వనన్నారు, ప్రధాన సంఖ్య అని తెలిశాక అదే ఉంచమంటున్నారు.

బగ్_వేటగాడు
మంచి పని. వెళ్తూ ఇంకోటి చూడండి, డబ్బు కాలమ్‌లో మొత్తాలు రూపాయల్లో దాచాడా పైసల్లో దాచాడా? పైసల్లో అయితే 2 కోట్ల 14 లక్షల 74 వేల 836 రూపాయల 47 పైసల దగ్గర అసోసియేషన్ ఫండ్ ఆగిపోతుంది.

ఫ్లాట్_302
పైసల్లోనే దాచాడండి. భయం లేదు, అంత ఫండే ఉంటే లిఫ్టు ఎప్పుడో మార్చేవాళ్లం.